గడ్డికి పోసిన ఉప్పు

సికింద్రాబాదు వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా పేట ఆడవాళ్లు చార్మినారు ఎంత ఎత్తుంది, గాజులు ఏం ధర చెప్పారు అని అడుగుతున్నారు. నేను చార్మినారు చూడలేదు. గాజులు కొనలేదు. నేను వెళ్లింది ఒక కుండలోని గడ్డి కోసం, మా అన్నయ్య సమాధి కోసం. పదిమందిలో నిలబడి చెప్పమంటే నాకు గొంతు పెగలదు. అందుకే రాస్తున్నాను. అడిగినవాళ్లు తీరిక చేసుకుని చదువుకోవచ్చు.

మా పొలం

మా ఊరు నిజాంపట్నం రేవుకు దగ్గర. నా చిన్నప్పుడు ఉప్పెన వచ్చి సముద్రం మా పొలంలో నిలిచింది. నీళ్లు తీశాక నేల ఉప్పు పట్టి తెల్లగా తేలింది. ఆ తర్వాత నాన్న ఎన్నిసార్లు నారు పోసినా మొలిచేది, రెండాకులు వేసేది, కొసలు మాడి పడిపోయేది. నాన్న బడిపంతులు. జీతం ఉంది కాబట్టి తిండికి లోటు రాలేదు. కానీ ఆ పొలం మా తాత చెరువుమట్టి మోసి చేసుకున్నది. నాన్న అటువైపు నడవడం మానేశాడు.

మా అన్నయ్య దేవదానం వృక్షశాస్త్రం చదివింది ఆ పొలం కోసమే అనుకుంటాను. చదువయ్యాక సికింద్రాబాదులో ఒక కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరాడు. సెలవులకు వచ్చినప్పుడు నన్ను గట్టు మీద కూర్చోబెట్టి చెప్పేవాడు. "నేలలో తడి ఉంది సుగుణా. కానీ ఉప్పు ఆ నీటిని పట్టుకుని వదలదు. వరి వేరు లాగి లాగి ఓడిపోతుంది. నీళ్లలో నిలబడే దాహంతో చస్తుంది. కొన్ని గడ్డి జాతులు అలా ఓడిపోవు. ఎలా ఓర్చుకుంటాయో అదే నేను చూస్తున్నాను."

దేశం రెండు కాకముందు లాహోరులో ఉన్న స్నేహితుడొకడు అన్నయ్యకు ఒక రకం గడ్డి పిలకలు పంపాడు. పంజాబులో ఉప్పు తేలిన బీళ్లలో అది నడుము ఎత్తు పెరుగుతుందట. పశువులు తింటాయట. కొన్నేళ్లు వేస్తే దాని వేళ్లు నేలను గుల్ల చేస్తాయి, వానకు ఉప్పు కిందికి దిగిపోతుంది, మళ్లీ వరి వెయ్యొచ్చు. మా తీరంలో చవిటి పర్రల మీద పెరిగే ముళ్లగడ్డిని మేకలు కూడా ముట్టవు, దానితో ఆ పని కాదు. అన్నయ్య ఆ పిలకలను కుండల్లో పెంచుతూ మా పొలంలో ఉన్నంత ఉప్పుకు మెల్లమెల్లగా అలవాటు చేస్తున్నాడు. దేశం చీలాక పంపేవాళ్లు లేకపోయారు. అతని దగ్గర ఉన్నదే మిగిలింది.

భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి రావడానికి ముందు, ఆ వానాకాలంలో, అన్నయ్యకు టైఫాయిడు వచ్చింది. అప్పుడు బెజవాడ దాటి రైళ్లు వెళ్తాయో లేదో ఎవరూ చెప్పలేని రోజులు. ఉత్తరం అందేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. నాన్న ఆ ఉత్తరం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, బడికి వెళ్లిపోయాడు.

క్రిస్మసు అయ్యాక ఉప్పు మడుల కంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. పొలాన్ని మడులుగా తవ్వుకుంటానన్నాడు. ఒకసారి సముద్రపు నీళ్లు కట్టి మడులు చేశాక అది ఇక పొలం కాదు. నాన్న సరేనన్నాడు. ఈస్టరు వెళ్లాక కాగితాలు రాసుకుందామని మాట అనుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను, "అన్నయ్య గడ్డి తెస్తాను నాన్నా," అన్నాను. పెద్దవాళ్ల మాటలో నేను కలగజేసుకోవడం అదే మొదలు.

నాన్న తలెత్తలేదు. "వాడు పోయి ఇన్ని నెలలైంది. దానికి నీళ్లు పోసేదెవరే?"

"చూసొస్తాను."

"బతికుంటే తీసుకురా. కంట్రాక్టరుకు నేను చెప్పుకుంటాను. లేకపోతే ఆ పొలం మాట మళ్లీ ఈ ఇంట్లో ఎత్తకు."

సామ్యేలు బాబాయిని తోడిచ్చి పంపారు. బయలుదేరేటప్పుడు అమ్మ ఒక గుడ్డమూట నా చేతిలో పెట్టింది. మా పొలం మట్టి అది. సమాధి మీద వెయ్యమంది.

రైల్లో

బెజవాడ దాటాక మధిరలో ఒక పెద్దావిడ ఎక్కింది. మోకాళ్ల దగ్గర ఒక మూట పెట్టుకుని, ఎవరు దాని పక్కగా నడిచినా కాళ్లు అడ్డం పెడుతోంది. మా బాబాయికి ఊరికే కూర్చోవడం చేతకాదు.

"ఏముందమ్మా అందులో, బంగారమా?"

"ఉప్పు."

"ఇప్పుడు దొరుకుతోందిగా మీ వైపు?"

"దొరుకుతదట. నేనైతే చూడలే." మూట మీద చెయ్యి వేసుకుంది. "మొన్నటిదాంక గిట్లనే అన్నరు, రేపు వస్తది, ఎల్లుండి వస్తదని. ఇండియా యూనియనోళ్లు సరుకు బంద్ పెట్టిరి. ఇక్కడి సేట్లు ఉన్నది దాసిరి. నడుమ మేం చప్పిడి గంజి తాగినం. మా అల్లుడైతే కూరల ఉప్పు లేదని అలిగి లేచిపోయిండు."

"ఎక్కడికి వెళ్లాడు?"

"యాడికి పోతడు పంతులూ, ఏ ఇంట్లనన్న ఉప్పుంటే గద. పొద్దుగూకంగనే వచ్చి గదే కూర తిన్నడు."

పెట్టెలో అందరూ నవ్వారు. మా వైపు ఉప్పును కుప్పలు పోసి తాటాకు కప్పి ఉంచుతామని బాబాయి గొప్పగా చెప్పబోయాడు. ఆవిడ, "జెర ఊకో పంతులూ, కడుపు మండుతది," అంది.

డోర్నకలులో జొన్నరొట్టెలు, ఎర్రటి పచ్చడి కొన్నాం. నాకు జొన్నరొట్టె తినడం అదే మొదటిసారి. గట్టిగా ఉంది, నమిలే కొద్దీ తియ్యదనం ఊరింది. నా పచ్చడి చప్పగా ఉందని ఆవిడ మూట విప్పి చిటికెడు ఉప్పు తీసింది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు, నా ఆకు మీద పెట్టింది. ఉప్పు చేతి నుంచి చేతికి ఇవ్వరు. మా ఇంట్లోనూ అంతే. నిన్నటిదాకా రాజ్యాలు వేరైనా ఆ పద్ధతి మాత్రం ఒకటే అనిపించింది.

ఆవిడ వరంగల్లులో దిగిపోయింది. బాబాయి ఆ మూట దించడానికి సాయం వెళ్లి, ఆ హడావిడిలో తన గొడుగు పెట్టెలోంచి ప్లాట్‌ఫారం మీదికి దించి అక్కడే మరిచిపోయాడు. సికింద్రాబాదు చేరేదాకా దాని గుణగణాలు వర్ణిస్తూనే ఉన్నాడు.

స్టేషను ఎదురుగా

స్టేషను ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో బాబాయి కాఫీ అడిగాడు. లేదన్నారు. చాయ్ ఇచ్చారు. చిక్కగా, పాలు వేరే కాచి పోసినట్టు ఉంది, పక్కన సాసరులో ఒక బిస్కత్తు. మన కల్దారు రూపాయి ఇస్తే నిజాం హాలీ చిల్లర ఇచ్చారు. అక్కడి డబ్బులు ఇంకా వేరు. బాబాయి ఆ నాణేలను అటూ ఇటూ తిప్పి చూసి, తనను మోసం చేశారో లేదో తెలుసుకునే దారి కూడా లేదని బాధపడ్డాడు. ఆ చాయ్ ధరకు మా రేపల్లెలో రెండు ఇడ్డెన్లూ కాఫీ వస్తాయి.

వీధిలో మిలిటరీ లారీలు ఆగకుండా పోతున్నాయి. గోడల మీద పాత ఉర్దూ రాతలకు సున్నం కొట్టారు, అక్షరాలు లోపలి నుంచి కనపడుతూనే ఉన్నాయి. జనం గట్టిగానే మాట్లాడుకుంటున్నారు గానీ లారీ వచ్చినప్పుడు మాట ఆపి, అది వెళ్లాక మళ్లీ అందుకుంటున్నారు.

బన్సీలాల్‌పేట

అన్నయ్య అద్దెకున్నది బన్సీలాల్‌పేటలో, మెట్లబావికి వెనక వీధిలో. ఇంటావిడ పేరు జైనబీ. భర్త లేడు. అన్నయ్య తన ఉత్తరాల్లో జైనబమ్మ అని రాసేవాడు. ముందు గది అతనికిచ్చి, అన్నం కూడా ఆవిడే పెట్టేది.

తలుపు తెరిచే ఉంది. బాబాయి పిలిచేలోపు ఆవిడే పరుగున వచ్చింది. మా ముఖాలు చూసి గడపలో ఆగిపోయింది. ఆవిడ ఎదురుచూస్తున్నది మమ్మల్ని కాదని అప్పుడే తెలిసింది. బాబాయి మేమెవరమో చెప్పాడు. ఆవిడ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"మాస్టరు ముక్కే," అంది. "రా బిడ్డా. కుండ చూస్తవా, ముందు నీళ్లు తాగుతవా?"

కుండ గురించి నేనింకా అడగనే లేదు.

పెరట్లో గోడ వారగా కుండలు వరసగా ఉన్నాయి. చాలా వాటిలో మట్టి తెల్లబారి, ఎండిన దుబ్బులున్నాయి. వాటిని గుర్తుపట్టాను. వరి, గరిక. పోల్చి చూడడానికి అన్నయ్య పక్కన పెంచినవి. అవి అతను ఉండగానే మాడిపోయాయట. చివర్న ఒక పెద్ద గోలెం ఉంది. అందులో గడ్డి నా నడుము దాకా పెరిగి ఉంది.

దాని ముందు కూర్చున్నాను. అది సన్నటి ఆకు, కొంచెం నీలం కలిసిన ఆకుపచ్చ. ఆకుల మీద తెల్లటి పలుకులు. ఊదితే రాలాయి. అన్నయ్య సెలవుల్లో ఒక ఆకు తెచ్చి భూతద్దంలో చూపించి చెప్పినవన్నీ అక్కడ ఉన్నాయి. వేరు దగ్గరే చాలా ఉప్పును లోపలికి రానివ్వదు. తప్పించుకుని వచ్చినదాన్ని ఆకు మీది సన్నటి నూగు బయటికి నెట్టేస్తుంది, అది ఎండకు ఇలా పలుకులు కడుతుంది. ఇంకా మిగిలినదాన్ని కింది ముదురాకుల్లోకి పంపిస్తుంది. అవి ఆ ఉప్పుతోనే పండి రాలిపోతాయి, పైన లేతాకు బతుకుతుంది. ఇంత పని చెయ్యాలి కాబట్టి ఎదుగుదల నెమ్మది. కింద పండిన ఆకొకటి తుంచి నాలుకకు ఆనించాను. మా రేవు గుర్తొచ్చింది.

"రోజూ పొద్దున గట్లనే పూస్తది," అంది జైనబమ్మ. ఆవిడ గొంతులో కన్నతల్లి గర్వం వినిపించింది.

అప్పటికే పక్కింటి అంజమ్మ గోడ మీంచి తొంగి చూస్తోంది. వాళ్లు ఆ వీధిలో తాతల కాలం నుంచీ ఉన్నవాళ్లు, ఇత్తడి బిందెలకు మాట్లు వేసే పని. ఆవిడ గోడ చుట్టూ తిరిగి లోపలికే వచ్చేసింది.

"గా గడ్డి ముచ్చట నన్నడుగు బిడ్డా, ఆమె చెప్పది. బజార్ల ఉప్పు మాయమైన దినాలల్ల ఈమెకు ఎప్పుడన్న చారెడు దొరికె. అది పెట్టుకుని ఏం జేసింది? శుక్కురారం శుక్కురారం ఇంత నీళ్లల్ల కలిపి గడ్డికి పోసింది. తాను చప్పిడి పప్పు తిన్నది. ఒక నెల గాదు రెండు నెలలు గాదు. నేను చెప్పి చెప్పి సాలిచ్చుకున్న. మనిషి నోట్లె లేక సస్తుంటే గడ్డికి పోసుడు ఏందని."

"ఊకో అంజమ్మా," అంది జైనబమ్మ.

"ఊకుండి ఊకుండే గిట్లయితిమి. ఒకనాడు నేను నాలుగాకులు తెంపి నా పప్పుల ఏసిన, మస్తు ఉప్పు పూసింది గదా అని. పప్పుకు ఉప్పు ఎక్కలే గాని, ఈమె మాత్రం నా మీద వారం దినాలు కారాలు మిరియాలు నూరింది."

బాబాయి నవ్వాడు. జైనబమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఉప్పు ఎందుకు పోస్తూ వచ్చారని అడిగాను.

"మాస్టరే చెప్పిండు. జ్వరంల పడి ఉన్నా గదే మాట. జైనబమ్మా, గోలానికి ఉప్పు తప్పనియ్యకు, తప్పనియ్యకు అని. నేను సరే అన్న. అన్నంక తప్పుతనా?"

తర్వాత నేను నీళ్లకని బావికి వెళ్తే అంజమ్మ మెట్ల మీద నా పక్కన దిగుతూ మిగతాది చెప్పింది. జైనబమ్మ కొడుకు కరీం బీదరు వైపు ఒక తాలూకా కచేరీలో గుమస్తా. ఫౌజు వచ్చిన రోజుల్లో అక్కడ ముస్లిముల ఇళ్ల మీద పడి చాలామందిని చంపారు. అప్పటి నుంచి అతని జాడ లేదు. కరాచీ వెళ్లాడని ఒకరన్నారు. ఇంకొకరు ఇంకోటి అన్నారు. "ఆమె రెండు మాటలూ ఇనలే. పొద్దందాక తలుపు తెరిసి పెడతది," అంది అంజమ్మ.

తిరుమలగిరి

మర్నాడు జైనబమ్మే మమ్మల్ని తిరుమలగిరి తీసుకెళ్లింది. టాంగాలో దారంతా మిలిటరీ బారకాసులు, చింతచెట్లు, డ్రిల్లు చేస్తున్న సిపాయిలు. సమాధుల తోట గేటు దగ్గర ఆవిడ ఆగిపోయింది. పాతిపెట్టిన రోజు కూడా అక్కడే నిలబడ్డానని చెప్పింది. లోపలికి రావచ్చో రాకూడదో ఆవిడకు ఎవరూ చెప్పలేదట. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను.

అన్నయ్య సమాధికి ఇంకా రాయి లేదు. కర్ర సిలువ ఉంది, ఒక చేయి కొంచెం వంగింది. వర్షాలకు మట్టి కుంగి, మీద గరిక అల్లుకుంది. మా ఊళ్లో సమాధి చేసేటప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేస్తాం. అన్నయ్యకు ఆ పని ఎవరు చేశారని అడిగాను. కాలేజీ వాళ్లు నలుగురు వచ్చారు, వాళ్లు వేశారు అంది జైనబమ్మ.

బాబాయి ప్రార్థన చేశాడు. రైల్లో అంత మాట్లాడే మనిషికి నాలుగు మాటలు కూడా సరిగా రాలేదు.

నేను అమ్మ ఇచ్చిన మూట విప్పాను. మా మట్టి తెల్లగా ఉంది. అది వేస్తే అక్కడ ఉన్న గరిక మాడిపోతుందని తెలుసు. అన్నయ్య ఉంటే నవ్వి, ఇదేం పనే అనేవాడు. అమ్మ నన్ను అడిగింది గరిక గురించి కాదు. మట్టి వేశాను. అంతా వెయ్యలేకపోయాను. కాస్త మిగిల్చి జైనబమ్మ ముందు మూట పట్టాను. ఆవిడ నా ముఖం చూసి, గుప్పెట్లోకి తీసుకుని వేసింది.

తిరిగి టాంగా ఎక్కాం. ఇల్లు చేరబోతుండగా జైనబమ్మ, "కరీముకు ఎవరన్న మట్టి ఏసిన్రో లేదో," అని తనలో తను అనుకుంది. వెంటనే, "వాడు వస్తడు," అంది.

గోలెం దగ్గర

నేను గడ్డి తీసుకెళ్లడానికి వచ్చానని బాబాయి ఆ సాయంత్రం చెప్పాడు. పొలం సంగతి, కంట్రాక్టరు సంగతి కూడా చెప్పాడు. జైనబమ్మ అంతా విని, "మాస్టరు గడ్డి మీది గాక ఎవరిది? తీస్కపోండ్రి," అంది. అని లోపలికి వెళ్లి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి ఊదుతూ కూర్చుంది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. గోలెం మొత్తం తీసుకెళ్లిపోతే ఆ పెరట్లో మాడిన కుండలు తప్ప ఏమీ మిగలదు. ఇలాంటి గడ్డిని విడదీస్తే రెండు చోట్లా బతుకుతుంది. కానీ విడదీస్తే వేళ్లు తెగుతాయి. ఉప్పును ఆపే కాపలా వేరు లోపలే ఉంది. వేరు తెగితే ఆ గాయంలోంచి ఉప్పు అడ్డు లేకుండా ఆకుదాకా ఎక్కేస్తుంది. కొత్త వేళ్లు వచ్చేదాకా మంచినీళ్లే పొయ్యాలి. ఆ మాట జైనబమ్మకు చెప్పాలి. చెబితే ఆవిడ తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతుంది. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే.

తెల్లవారాక అంజమ్మ ఇంటి నుంచి పలుగు తెచ్చారు. బాబాయి గోలెం వంచాడు. నేనూ జైనబమ్మా దుబ్బును రెండు చేతులతో పట్టుకుని చీల్చాం. వేళ్లు పటపటమని తెగాయి. ఆవిడ ప్రతి చప్పుడుకూ కళ్లు మూసుకుంది. ఆవిడ సగాన్ని మళ్లీ గోలెంలో పాతి మట్టి అదిమాను.

"కొన్నాళ్లు దీనికి ఉప్పు పొయ్యకండమ్మా. వేళ్లు తెగాయి కదా. బావి నీళ్లే పొయ్యండి."

అనుకున్నట్టే ఆవిడ ఉలిక్కిపడింది. "ఉప్పు లేకుంటే చచ్చిపోదా బిడ్డా?"

"చావదు."

"ఎన్ని దినాలు ఆగుతది?"

రెండు వారాలని అనొచ్చు. నెల అనొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ ఆ గడువు లెక్కపెట్టుకుంటూ, రేపు ఒక ఆకు వడిలితే ఉప్పు కోసమే వడిలిందనుకుని పోసేస్తుంది. అప్పుడు ఈ సగం కూడా పోతుంది.

"ఎన్నాళ్లయినా ఉంటుందమ్మా," అన్నాను.

ఆవిడ చేతుల మట్టి దులుపుకుంటూ ఆగింది. "అంటే దానికి ఉప్పు అక్కర లేదా?"

"లేదు. ఉన్న చోట ఓర్చుకుంటుంది. అంతే. మంచి నేలలో అయితే ఇంకా సుఖంగా పెరుగుతుంది."

"మరి మాస్టరు ఎందుకు పొయ్యమన్నడు?"

"మా పొలంలో బతుకుతుందో లేదో చూడాలని. ఎంతదాకా ఓర్చుకుంటుందో..." అదిమిన మట్టినే మళ్లీ అదిమాను. "అన్నయ్య పోయాక ఆపేసినా, గడ్డికేమీ కాకపోయేది."

అంజమ్మ నోరు తెరిచింది. జైనబమ్మ ముఖం చూసి మూసేసింది. బాబాయి పలుగుకు అంటిన మట్టిని గోళ్లతో గీకుతున్నాడు.

జైనబమ్మ గోలెం అంచు మీద చెయ్యి వేసింది. "గప్పుడు మాస్టరుకు జ్వరం మస్తుండె," అంది. "నన్ను అమ్మీ అన్నడు. నువ్వనుకున్నడో, మీ అమ్మనే అనుకున్నడో. గసొంటోడు ఒక మాట చెప్తే ఎట్ల కాదంట?"

నేను కింద రాలిన మట్టిని గోలెంలోకి ఎత్తాను.

"పోనీ తియ్," అంది. "ఇంట్ల ఎవనికన్న పెట్టాలె గద బిడ్డా. కరీము లేకపాయె. మాస్టరు లేకపాయె. వండిన పొయ్యికి ఎవడో ఒకడు ఉండాలె." లేచి బిందె అందుకుంది. "ఉత్త నీళ్లే పోస్త. నువ్వు చెప్పినట్టే."

మా సగాన్ని తడి గోనెలో చుట్టి పురికొసతో కట్టింది ఆవిడే. ముడి మీద ముడి వేసింది. మాకు దారికని రొట్టెలు, పప్పు కట్టి ఇచ్చింది. రైల్లో విప్పి తిన్నాం. పప్పులో ఉప్పు బాగా ఎక్కువైంది. చాలా నెలలు వాడక చెయ్యి కొలత మరిచిపోయినట్టుంది. బాబాయి మిగల్చకుండా అంతా తిన్నాడు.

ఇల్లు

బెజవాడ ప్లాట్‌ఫారం మీద బండి మారేటప్పుడు ఒక మేక ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి గోనెలోంచి బయటికి ఉన్న ఆకులు నోటి నిండా పీక్కుని నమిలింది. నేను ఏడ్చినంత పని చేశాను. బాబాయి దాన్ని తరిమి, "పశువులు తింటాయో తినవోనని మీ అన్నయ్యకు సందేహం ఉండుంటే ఇప్పుడు తీరిపోయింది," అన్నాడు.

నాన్న బడి నుంచి వచ్చేసరికి గడ్డిని పెరట్లో తొట్టిలో పెట్టాను. నాన్న దాని ముందు నిలబడి చెప్పులు కూడా విడవలేదు. ఎవరు కాపాడారని అడిగాడు. చెప్పాను. ఉప్పు సంగతి కూడా చెప్పాను. నాన్న అప్పుడు తొట్టి పక్కన గొంతుక్కూచుని, అన్నయ్య పోయిన కబురు వచ్చాక మొదటిసారి, మా అందరి ముందూ ఏడ్చాడు. కంట్రాక్టరుకు మర్నాడే కబురు చేశాడు.

వేసవంతా మంచినీళ్లు పోశాం. కొత్త వేళ్లు తొట్టి కిందికి దిగాక, అన్నయ్య చేసినట్టే కాస్తకాస్త ఉప్పు అలవాటు చేశాం. తొలకరికి నేల ఉప్పు కొంచెం దిగుతుంది కాబట్టి అప్పుడు పిలకలు తీసి పొలంలో ఒక మూల నాటాం. నాన్నే నాటాడు. ఆ మూల తప్ప పొలమంతా ఇంకా తెల్లగానే ఉంది. ఇది ఎన్నేళ్ల పనో నాకు తెలియదు. ఆ పనికి ఉండాల్సినవాడు తిరుమలగిరిలో ఉన్నాడు. అయినా మొన్న పొద్దున ఆకుల మీద తెల్లగా పలుకులు పూశాయి. అమ్మను తీసుకెళ్లి చూపించాను. అమ్మ ఊదలేదు. అలాగే ఉండనిచ్చింది.

ఈ వారం జైనబమ్మ కార్డు రాయించింది. అంజమ్మ భర్త రాసినట్టున్నాడు, ఆవిడ మాటలు అలాగే దించాడు. గోలెంలో గడ్డి మళ్లీ దుబ్బు కట్టిందట. వేళ్లు బాగా పట్టాయట. కరీం కబురు ఇంకా లేదట. ఉప్పు ఇప్పుడు బజారులో కావలసినంత ఉందట. శుక్రవారం వస్తే చేతికి పని తోచడం లేదు, నువ్వు చెప్పినట్టు ఉత్త నీళ్లే పోస్తున్నా, ఇప్పుడన్నా కొంచెం పొయ్యొచ్చా అని అడిగింది.

ఆ గడ్డికి ఉప్పు అక్కర లేదని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు.

పొయ్యమని రాశాను. శుక్రవారానికి ఒక గుప్పెడు, బిందెడు నీళ్లలో కలిపి.